వెనక అద్దం మీద పన్నెండు గీతలు

కారు వెనక అద్దం మీద అడ్డంగా సన్నటి గోధుమరంగు గీతలుంటాయి, మీరూ చూసే ఉంటారు. మన హాస్టల్ తనిఖీకి వచ్చిన అధికారుల కార్ల మీద వాటిని చూసి మేము రేడియో ఏరియల్ అనుకునేవాళ్లం. కాదు, సోకు కోసమని వాదించినవాళ్లూ ఉన్నారు. అవి హీటరు తీగలని మాకు తెలిసింది ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో చేరాకే. అదీ క్లాసులో కాదు, పోయిన డిసెంబరులో చిన్నాన్న టాక్సీ దగ్గర.

చిన్నాన్న అంటే మా గదిలోని ముగ్గురిలో ఒకడికి చిన్నాన్న. మిగతా ఇద్దరికీ అదే వరస. 2010 మోడల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొని నర్సీపట్నంలో అద్దెకు తిప్పుతాడు. చలికాలంలో లంబసింగి బాడుగలే ఆయనకు పంట. రాత్రి మూడు గంటలకు జనాన్ని ఎక్కించుకుని ఘాట్ రోడ్డు ఎక్కాలి, చెరువులవేనం దగ్గర మంచు మబ్బులు చూపించాలి, ఎండెక్కాక దింపాలి. ఆ రెండు నెలల సంపాదనతోనే ఏడాది వాయిదాలు సర్దుకుంటాడు.

మేము సెలవుకు వెళ్లేసరికి ఆయన దిగులుగా ఉన్నాడు. "ఎనకేటీ అవుపడ్డం లేదురా. మొన్న మలుపులో బస్సు ఎదురొచ్చింది. రివర్సు ఎయ్యాల. పిల్లలున్నారు కార్లో. నాను దిగి, నడిసెళ్లి లోయెంత దూరముందో సూసొచ్చి ఎక్కినాను" అన్నాడు. బయట చలి, లోపల ఐదుగురి ఊపిరి. ఊపిరిలోని తేమ చల్లటి అద్దానికి తగిలి నీటి పొరగా మారుతుంది. ముందు అద్దానికి బ్లోయరుంది. వెనక అద్దానికి ఆ గీతలే దిక్కు. స్విచ్చి వేస్తే దీపం వెలుగుతోంది కానీ పొర పోవడం లేదు. అద్దం మొత్తం మార్చాల్సిందేనని మెకానిక్ చెప్పాడట. ఆ ఖర్చు రెండు నెలల వాయిదాకు సమానం.

"మేము ఒకసారి చూస్తాం చిన్నాన్నా" అన్నాం. ఆయన నవ్వాడు. "మీ సదువుల్లో ఈ గీతలు గురించి రాసుంటాదేటి?" అన్నాడు. వెక్కిరింపు లేదు ఆ మాటలో, నిజంగానే అడిగాడు. మా ఇళ్లలో మాకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. లోపల ఏం చెబుతారో వాళ్లకు మేము చెబితేనే తెలియాలి.

ఫ్యూజు బాగుంది. స్విచ్చి వేయగానే రిలే టక్కుమంది. ఇంజను ఆన్ చేసి అద్దానికి రెండు పక్కలా ఉన్న వెడల్పు పట్టీల మధ్య మల్టీమీటర్ పెడితే 13 వోల్టులు పైనే చూపించింది. అంటే కరెంటు అద్దం దాకా వస్తోంది. అప్పుడు వెనక సీట్లో మోకాళ్ల మీద కూర్చుని ముగ్గురం అద్దం మీద హా హా అని ఊపిరి ఊదాం. వీధిలో పిల్లలు పోగై ఒకటే నవ్వు! రెండు నిమిషాలకు ఆ పొరలో కొన్ని గీతల వెంట చారలు విడిపోయాయి. పన్నెండింటిలో ఐదే వేడెక్కుతున్నాయి. ఏడు చచ్చిపోయాయి.

ఆ ఐదు పనిచేస్తున్నాయంటే గీతలన్నీ సమాంతర సంధానంలో ఉన్నాయన్నమాట. శ్రేణిలో ఉండి ఉంటే ఒక్కటి తెగినా అన్నీ ఆగిపోయేవి. ఇక ఏడింటిలో తెగిన చోటు పట్టుకోవాలి. ఇంటర్ రెండో సంవత్సరం ప్రాక్టికల్స్‌లో పొటెన్షియోమీటర్ తీగ వెంట జాకీని జరిపాం, గుర్తుందా? రికార్డు బుక్కులో పాత రీడింగులు దించేసిన తమ్ముళ్లు ఇక్కడ కాస్త ఆగి చదవండి. మీటరు నెగెటివ్ మొనను నెగెటివ్ పట్టీకి ఆనించాం. రెండో మొన గీతను గీరకుండా దానికి టిఫిన్ పొట్లం వెండి కాగితం చుట్టి, పాజిటివ్ పట్టీ నుంచి గీత వెంట జరిపాం. మంచి గీత మీద వోల్టేజి కొంచెం కొంచెంగా తగ్గుతూ మధ్యలో సగానికి వచ్చింది. తెగిన గీతలో కరెంటు పారదు కనుక 13 అలాగే నిలబడి, ఒకచోట ఠక్కున సున్నా అయింది. తెగింది అక్కడే!

ఏడు గీతలకూ గుర్తులు పెట్టి వెనక్కి జరిగి చూస్తే ఆ గుర్తులన్నీ ఒకే ఏటవాలు వరసలో ఉన్నాయి. బ్లేడు గాటు. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు కార్ల అద్దాలకు నల్ల ఫిల్ములు అంటించకూడదని తీర్పు ఇచ్చింది, మే 4 నుంచి అది అమలైంది. పాత ఓనరు అప్పుడే ఫిల్ము గీకించి ఉంటాడు. ఈ గీతలు అద్దం లోపల ఉండవు. వెండి పొడి కలిపిన ముద్దను అద్దం లోపలి వైపు పైన అచ్చువేసి కాలుస్తారు. బ్లేడు అడ్డంగా లాగితే అంతే సంగతులు.

వెండి పెయింటు మాకు కొత్త కాదు. ల్యాబులో శాంపిల్ బిళ్లలకు ఎలక్ట్రోడులు వేసేది దానితోనే. ల్యాబు సీసా ముట్టుకోలేదు, ముగ్గురం చందా వేసుకుని చిన్న సీసా తెప్పించాం. స్పిరిట్‌తో అద్దం తుడిచి, గీతకు పైనా కిందా టేపు అంటించి, గాటుకు అటూ ఇటూ కొంచెం ఎక్కువగా వచ్చేలా సన్నటి కుంచెతో మూడు పూతలు వేశాం.

పని ముగిసేసరికి శనివారం సాయంత్రం. పూత గట్టిపడడానికి 24 గంటలు కావాలి. ఆ రాత్రి చిన్నాన్నకు బాడుగ ఉంది, అదీ వారాంతపు బాడుగ. "మెల్లిగా ఎల్లొత్తాను, స్విచ్చి ఎయ్యను" అన్నాడు. పచ్చి పూత మీద నీటి పొర పడితే పని చెడుతుందని చెప్పాం. పైగా మంచులో వెనక కనపడకుండా ఆయన్ను మళ్లీ ఘాట్ ఎక్కనివ్వడం మాకు ఇష్టం లేదు. చాలాసేపు మా ముగ్గురి ముఖాలూ చూశాడు. తర్వాత ఫోను తీసి ఆ బాడుగ వేరే డ్రైవరుకు ఇచ్చేశాడు. మా మాట మీద ఒక రాత్రి కూలి వదులుకున్నాడు! ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పరీక్ష ఫలితాలప్పుడు కూడా అంత భయపడలేదు.

ఆదివారం రాత్రి మళ్లీ ఊదాం. ఈసారి చిన్నాన్న కూడా ఊదాడు. స్విచ్చి వేశాక ఒక్కొక్క చారే విడిపోతుంటే పిన్ని వేలు పెట్టి లెక్కపెట్టింది. పదకొండు! పన్నెండోది రబ్బరు అంచు కింద మరోచోట తెగి ఉంది, అక్కడికి కుంచె పోదు.

ఇంజను ఆపి స్విచ్చి వేయవద్దని చెప్పాం. ఇలాంటి డీఫాగర్ 10 నుంచి 20 ఆంపియర్ల దాకా లాగుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. అద్దాన్ని గీతల వెంటే తుడవాలని, అడ్డంగా రుద్దవద్దని కూడా చెప్పాం. చిన్నాన్న ఇదంతా పక్కనున్న డ్రైవర్లకు మాకంటే బాగా వివరించాడు, కాకపోతే సమాంతర సంధానాన్ని "ఎవడి దారి ఆడిదే కనెక్సను" అన్నాడు. మా ప్రొఫెసర్‌కు చెబితే తెగ నవ్వారు.

సంక్రాంతికి వెళ్లేసరికి మా కోసం ఇంకో రెండు బళ్లు సిద్ధంగా ఉన్నాయి. ఒకదాని పట్టీ దగ్గర తీగ కొస ఊడిపోయింది, దానికి టంకం పెట్టాలి. సీసాలో పెయింటు ఇంకా సగముంది, మూత బిగించి పెట్టాం.