పెంబర్తి నుంచి కాళేశ్వరం దాకా

వరంగల్ పోయేవాళ్లు జనగామను బస్సు కిటికీలోంచి చూస్తారు. విజయవాడ రైలెక్కినవాళ్లకు మహబూబాబాద్ అంటే ఒక స్టేషన్. భూపాలపల్లి పేరెత్తితే బొగ్గు, కరెంటు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఈ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి గానీ, చూడబోయే ఊళ్ల లెక్కలోకి ఇంకా ఎక్కలేదు.

మెల్‌బోర్న్‌లో ఉండే మా మేనల్లుడు సెలవుకు వచ్చి, "మామా, ఈసారి మన దిక్కు తిప్పు" అన్నాడు. నేనక్కడికి పోయినప్పుడు వాడు గ్రేట్ ఓషన్ రోడ్డు, సముద్రంలో నిలబడ్డ ట్వెల్వ్ అపాజిల్స్ రాళ్లు, ఫిలిప్ ఐలాండ్‌లో చీకటిపడే వేళ ఒడ్డెక్కే బుల్లి పెంగ్విన్లు అన్నీ తిప్పి చూపించాడు. బాకీ తీర్చే వంతు నాది. కారు మాట్లాడుకుని బయల్దేరాం.

జనగామ దగ్గర, హైవే పక్కనే పెంబర్తి. సుత్తి చప్పుడు పట్టుకుని పోతే ఇత్తడి పని చేసే ఇల్లు దొరికింది. వేడిచేసిన లక్క మీద రేకు అతికించి, గీసిన గీత వెంబడే సన్నని ఉలి జరుపుతూ పెద్దాయన కొడుతున్నాడు. ఒక వైపు పనయ్యాక లక్క కరిగించి రేకు ఊడదీస్తారు, తిరగేసి వెనక నుంచి కొడతారు. అప్పుడు ముందు వైపు నెమలి మెడ ఉబ్బి పైకొస్తుంది. "దెబ్బ తప్పితే ఎట్లా పెద్దాయనా?" అన్నాడు మావాడు. "తప్పద్దు బిడ్డా" అన్నాడాయన, తలెత్తకుండానే. గుళ్ల ధ్వజస్తంభాలకు, తలుపులకు తొడుగులు ఇక్కడి నుంచే పోతాయి. సభల్లో చేతికిచ్చే జ్ఞాపికలూ ఇక్కడివే.

హైవే వదిలి పాలకుర్తి చేరాం. గుట్ట మీద గుహలో సోమేశ్వరుడు, పక్కనే లక్ష్మీనరసింహుడు. బసవపురాణాన్ని ద్విపదలో రాసిన పాల్కురికి సోమనాథుడిది ఈ ఊరే. కాస్త దూరంలోనే పోతన ఊరు బమ్మెర. సంస్కృతం రానివాళ్లూ పాడుకునే ద్విపదను పట్టుకున్నవాడు ఒకరు, భాగవతాన్ని రాజుకు కాక రాముడికి అంకితమిచ్చినవాడు ఇంకొకరు. ఇద్దరూ ఇంత దగ్గరివాళ్లని తెలిసి మావాడు ఆశ్చర్యపోయాడు. బమ్మెరలో చుట్టూ వరి మళ్లు. భాగవతం రాసిన చేతులు దున్నినవీ ఇలాంటి మళ్లేనని ఊళ్లోవాళ్లు గర్వంగా చెబుతారు.

మహబూబాబాద్ జిల్లాలో ముందు బయ్యారం చెరువు కట్టెక్కాం. ఈ చెరువు తవ్వించింది కాకతీయ రాజు గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ. ఇక్కడి 13వ శతాబ్దపు శాసనమూ ఆమెదే. కాకతీయుల వంశాన్ని వెన్నరాజు దగ్గర నుంచి వరసగా చెప్పే శాసనం ఇది. చరిత్రకారులకు అది బంగారం. మేం పోయిన పూట కట్ట కింద మనుషులు నాట్లలో ఉన్నారు. శాసనం సంగతి పక్కన పెట్టి, తూముకు నీళ్లు ఎప్పుడొదులుతారో మాట్లాడుకుంటున్నారు. ఒక రాకుమార్తె చేసిన పనికి ఇంతకు మించిన మర్యాద ఏముంటుంది!

డోర్నకల్ చర్చి దగ్గర కారు దిగగానే, "ఇది చర్చా, మసీదా, గుడా?" అన్నాడు మావాడు. వాడి తప్పేం లేదు. పైన గుమ్మటాలు, మినార్లు. లోపల గుడి మండపం తీరు స్తంభాలు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన తొలి భారతీయుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి దిక్కు నుంచి వచ్చిన తమిళుడు. 1912లో బిషప్ అయ్యి, ఇక్కడే తెలుగువాళ్ల మధ్య ఉండిపోయి 1945లో కన్నుమూశాడు. 1939లో ప్రతిష్ఠించిన ఈ చర్చిని ఇంగ్లండ్ నమూనాలో కాకుండా ఈ నేల తీరులో కట్టించాడు. ఆదివారం ఇక్కడ ఆరాధన తెలుగులోనే.

అక్కడి నుంచి నర్సంపేట, పరకాల మీదుగా రేగొండ దారి పట్టాం. అక్కడి పాండవుల గుట్టల్లో బండల కింద ఆదిమానవులు వేసిన ఎర్రరంగు బొమ్మలున్నాయని 1990లో బయటపడింది. వంగి, పాకి, మెడ పైకెత్తి చూస్తే జింకలు కనిపిస్తాయి. పక్కనే బొగ్గుతో రాసిన ప్రేమికుల పేర్లూ కనిపిస్తాయి. చూసి ఒళ్లు మండింది.

గణపురం కోటగుళ్లు రామప్ప గుడికి దగ్గర్లోనే. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రామప్పకు జనం విరగబడుతున్నారు గానీ, ఇటు తిరిగేవాళ్లు తక్కువే. రాతి ప్రహరీ లోపల 22 గుళ్లు. సగం ఒరిగాయి, సగం నిలబడ్డాయి. ఏనుగు మీదికి దూకుతున్న సింహం, దానికి మనిషి తీరు ఒళ్లు: ఆ దూలపు బొమ్మ దగ్గర మావాడు ఫోన్ జేబులో పెట్టేశాడు. నడుమ గణపేశ్వరుడికి దీపం పెడుతూనే ఉన్నారు.

సింగరేణి లారీల వెనకాల భూపాలపల్లి దాటాక అడవి, అడవి దాటితే కాళేశ్వరం. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు: కాళేశ్వరుడు యముడు, ముక్తీశ్వరుడు శివుడు. మొక్కు ముందు యముడికే. ముక్తీశ్వర లింగానికి రెండు రంధ్రాలున్నాయి. వాటిలో పోసిన నీళ్లు సంగమంలో కలుస్తాయని నమ్మకం. ఘాట్ దిగితే గోదావరి సన్నగా, ప్రాణహిత నిండుగా కనిపించాయి. సరస్వతి అంతర్వాహిని అంటారు. 2025 మేలో సరస్వతి పుష్కరాలు జరిగింది ఇక్కడే. దిగువన మేడిగడ్డ బరాజ్. 2019లో ప్రారంభమైంది, 2023 అక్టోబరులో దాని పిల్లర్లు కుంగాయి. కాకతీయుల చెరువు కట్ట చూసి వచ్చినవాడికి ఆ మాట గొంతులో ముల్లులా దిగుతుంది.

"ఇన్ని చూశాం, ఎక్కడా టికెట్టే అడగలేదేంది మామా?" అన్నాడు మావాడు. ఇక్కడివి ప్రదర్శనకు పెట్టినవి కావురా అన్నాను. చెరువు పారుతోంది, చర్చిలో పాటలు వినిపిస్తున్నాయి, ఉలి ఆడుతోంది. వాడుకలో ఉన్నవాటికి కాపలా అక్కర్లేదు. కానీ పాండవుల గుట్టకు కావాలి. బొమ్మల ముందు ఒక కంచె, దారికి ఒక బోర్డు, ఆడవాళ్లకు ఒక మరుగుదొడ్డి: సర్కారు ఈ మూడూ చూస్తే చాలు, జనం వాళ్లంతట వాళ్లే వస్తారు. వచ్చేవాళ్లు మాత్రం ఎండలు ముదరకముందే, సంక్రాంతి దాటగానే బయల్దేరండి.