రెండు బేళ్లు, ఒక తోపు

నిన్నటి సాయంకాలము ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లు ఆవరణమున, తోపుడుబండి అందుబాటున లేక, నలుగురు హమాలీలు ఒకదాని నొకటి తాకియున్న రెండు పత్తి బేళ్లను వెనుకనుండి భుజము లానించి సిమెంటు నేలపై నెట్టుచుండుట చూచి, 1687లో న్యూటను ప్రకటించిన రెండవ గమన నియమమును, ఏనాడో నల్లబల్లపై నేర్చి మరచినదానిని, మరల నెమరువేసికొంటిని.

బేలు ఒక్కింటికి తూకము 170 కిలోలు. ఘర్షణ గుణకము 0.4 అనుకొందము. నేల చేయు ప్రతిఘటన సుమారు 1333 న్యూటన్లు. తోపు 1500 అయినచో, మిగిలిన 167 మాత్రమే 340 కిలోల భారమునకు త్వరణ మిచ్చును. చెమటలో తొమ్మిదింట ఎనిమిది పాళ్లు నేలకే కప్పము!

ముందు బేలుపై వెనుకదాని ఒత్తిడి యెంత? సరిగా సగము, 750. నేల నునుపైనను గరుకైనను, రెండింటి క్రిందను ఒకే తీరుగా నుండి బేళ్లు కదలుచున్నంతవరకు, ఈ సగము మారదు. ఘర్షణ లెక్కలో ప్రవేశించి తనంతట తానే కొట్టివేయబడును. విద్యార్థిదశలో దీనిని నేను నమ్మలేదు. ముందు బేలు క్రింద మాత్రమే గరుకు తగిలెనా, నడిమి ఒత్తిడి పెరుగును.

 

"లెక్కలు తర్వాత సార్, ఒక చెయ్యెయ్యండి" అని పెద్ద హమాలీ యనగా నేనును చేయి వేసితిని. త్వరణము పెరిగిన జాడ కనబడలేదు.