ఆమె ఇష్టంతో పనిలేదు

1947 డిసెంబరు మొదటి రోజుల్లో భారత, పాకిస్తాన్ ప్రభుత్వాలు ఎదురెదురుగా కూర్చుని రెండు లెక్కలు తేల్చుకున్నాయి. ఒకటి డబ్బు లెక్క. ఉమ్మడి ఆస్తిపాస్తుల్లో, అప్పుల్లో పాకిస్తాన్ వాటా 17.5 శాతమనీ, ఖజానా నిల్వలోంచి ఆ దేశానికి 75 కోట్ల రూపాయలు ఇవ్వాలనీ నిర్ణయమైంది. రెండోది ఆడవాళ్ళ లెక్క. డిసెంబరు 6న లాహోరులో జరిగిన సమావేశంలో, విభజన మారణకాండలో ఎత్తుకుపోయిన స్త్రీలనీ పిల్లల్నీ వెతికి పట్టుకుని ఎవరి దేశానికి వాళ్ళని అప్పజెప్పాలని తీర్మానించుకున్నారు.

డబ్బు ఒప్పందం నెల తిరక్కుండానే చిక్కుల్లో పడింది. అప్పటికే ఇచ్చిన 20 కోట్లు పోను మిగిలిన 55 కోట్లని కాశ్మీరు యుద్ధం కారణంగా భారత ప్రభుత్వం ఆపేసింది. గాంధీ నిరాహారదీక్షలో ఉండగా 1948 జనవరి 15న ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆడవాళ్ళ ఒప్పందం మాత్రం కాశ్మీరు యుద్ధాన్ని కూడా తట్టుకుని నిలబడింది. రావల్పిండి, జెహ్లం లాంటి జిల్లాల్లోకి భారత ఉద్యోగుల్ని రానివ్వనన్నా, ఒకరి మీద ఒకరు ఎన్ని ఆరోపణలు చేసుకున్నా, ఆ పని ఏళ్ళ తరబడి సాగుతూనే ఉంది.

నా పిహెచ్.డి. విభజన కథల మీద. కథలు అర్థం కావడం కోసం ఆనాటి ప్రభుత్వ నిర్ణయాలు చదవాల్సి వచ్చింది. వాటిలో ఒకటి నన్ను ఇప్పటికీ వదల్లేదు. 1947 మార్చి తర్వాత జరిగిన మతమార్పిళ్ళు చెల్లవు. సంబంధిత వ్యక్తుల ఇష్టాయిష్టాలు అప్రస్తుతం. కాబట్టి మేజిస్ట్రేటు ముందు వాళ్ళ వాంగ్మూలం నమోదు చేయకూడదు. కాశ్మీరు మీదా, కాలువ నీళ్ళ మీదా, వదిలివెళ్ళిన ఇళ్ళ మీదా తెగని తగాదా పడిన రెండు ప్రభుత్వాలకి ఈ మాట దగ్గర ఏకాభిప్రాయం కుదిరింది. అవి పంచుకున్న చరిత్రలో ఇదీ ఉంది మరి! ఆడది ఎవరి సొత్తు అన్న తగాదా తెగకపోవచ్చు గానీ, ఆమె ఎవరో ఒకరి సొత్తు అన్నదాంట్లో ఎవరికీ అనుమానం లేదు.

ప్రభుత్వం ఈ పనికి పెట్టుకున్న పేరు 'రికవరీ'. మన దినపత్రికల్లో పోలీసులు దొంగసొత్తు రికవరీ చేశారని చదువుతామే, ఆ మాటే.

రాజ్యాంగం ఆమోదం పొందిన మరుసటి నెలలో, అంటే 1949 డిసెంబరులో, దీనికోసం భారతదేశంలో ప్రత్యేక చట్టం చేశారు. 'అపహృత వ్యక్తి' అంటే ఎవరో అందులో నిర్వచించారు. 1947 మార్చి 1 నాటికి ముస్లిం అయివుండి, ఆ తర్వాత 1949 జనవరి 1 లోపల కుటుంబం నుంచి విడిపోయి వేరే వ్యక్తి దగ్గరో, వేరే కుటుంబంలోనో ఉంటున్నవాళ్ళు. మగవాళ్ళయితే 16 ఏళ్ళ లోపు వాళ్ళే. ఆడవాళ్ళయితే ఏ వయసువాళ్ళయినా సరే. మగపిల్లవాడు పదహారు దాటితే తన సంగతి తను చెప్పుకోగలడు. ఆడమనిషి అరవయ్యేళ్ళకి కూడా చెప్పుకోలేదు! ఆమె తనంతట తాను వెళ్ళిందా, ఎవరైనా లాక్కుపోయారా అన్న ప్రశ్నే నిర్వచనంలో లేదు. వారంటు లేకుండా పోలీసులు ఇంట్లో జొరబడి వెతకొచ్చు. క్యాంపులో ఉంచితే ఏ కోర్టులోనూ అడగడానికి లేదు.

పాకిస్తాన్‌లో 33 వేలమంది హిందూ, సిక్కు స్త్రీలూ, భారతదేశంలో 50 వేలమంది ముస్లిం స్త్రీలూ ఉండిపోయారని అంచనాలు. 1950ల మధ్యకి వచ్చేసరికి రెండు వైపులా కలిపి సుమారు 30 వేలమందిని అప్పజెప్పారు. మీరెంతమందినిచ్చారు, మేమెంతమందినిచ్చాం అన్న వాదన మాత్రం అయిపోలేదు. రాజిందర్ సింగ్ బేదీ 'లాజవంతి' కథలో వాఘా దగ్గర ఈ మార్పిడి దృశ్యం ఉంటుంది. అటువాళ్ళు వయసుమళ్ళిన, పనికిరాని ఆడవాళ్ళని అంటగడుతున్నారని ఇటువాళ్ళ ఫిర్యాదు. సంతలో పశువుల పళ్ళు పట్టిచూసే బేరం లాంటిది. బేరమాడేవాళ్ళు దుర్మార్గులేం కాదు, సేవ చేయడానికి వచ్చిన వాలంటీర్లు. బేదీ కథలో నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇదే.

ఈ చట్టం మీద జరిగిన చర్చ చదువుతుంటే తెలిసిన పేరు కనిపించింది. జి.దుర్గాబాయి. మన దుర్గాబాయి దేశ్‌ముఖే. మా అమ్మమ్మ చంటిపిల్లతో పుట్టింటికి తిరిగొచ్చాక మదరాసులో ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ పాసై టీచరయింది. మా ఇంట్లో దుర్గాబాయమ్మ ఫోటో దేవుడి పటాల పక్కనే ఉండేది. ఆ చంటిపిల్ల మా అమ్మ. నేను ఈనాడు ఈ కాగితాలు చదువుతున్నానంటే అందులో దుర్గాబాయి పాలు ఎంతుందో నాకు తెలుసు.

ఆమె చట్టాన్ని సమర్థించింది. ఈ స్త్రీలు ఇక్కడే స్థిరపడ్డారు, పెళ్ళిళ్ళయ్యాయి, బలవంతంగా ఎందుకు పంపాలి అన్నవాళ్ళకి జవాబుగా అడిగింది. వాళ్ళు నిజంగా సుఖంగా ఉన్నారా? వేరే దారి లేక, తన భర్తనో తండ్రినో అన్ననో చంపినవాడితో సర్దుకుపోవడం రాజీ ఎలా అవుతుంది?

ఈ ప్రశ్నని నేను తేలిగ్గా తీసెయ్యలేను. అది స్త్రీవాదుల ప్రశ్నే. నిస్సహాయతలోంచి వచ్చిన అంగీకారం అంగీకారమేనా అని ఇన్నేళ్ళుగా మనం అడుగుతున్నదే. పైగా ఎనిమిదేళ్ళ వయసులో చేసిన పెళ్ళిని పెద్దయ్యాక కాదనుకుని బయటికొచ్చిన మనిషి ఆమె. ఒకడి ఇంట్లో ఉన్నంతమాత్రాన అది ఇష్టం కాదని ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

కానీ ఆ ప్రశ్నని ఒక ఇంటి గడప దగ్గరే ఆపేసింది. ఎత్తుకుపోయినవాడి ఇంట్లో ఆమె సుఖంగా ఉందా అని అడిగింది గానీ, పుట్టింటికి, అత్తింటికి తిరిగిపోవడం ఆమె ఇష్టమేనా అని అడగలేదు. బంధువులు ఆదరిస్తారన్న నమ్మకం ఆ ప్రసంగంలో కనిపిస్తుంది. ఆదరించేవాళ్ళే అయితే గాంధీ, నెహ్రూ బహిరంగంగా బతిమాలాల్సిన అవసరమేముంది? పారే ఏరు తనంతట తానే శుభ్రపడినట్టు బహిష్టు తర్వాత స్త్రీ కూడా శుభ్రపడుతుందని ప్రభుత్వం కరపత్రాలు కూడా పంచిందని ఊర్వశీ బుటాలియా రాసింది. 'ఆడపిల్ల ఎప్పటికైనా ఆడపిల్లే, ఈడపిల్ల కాదు' అని మా అమ్మమ్మ అంటూండేది. ఈ స్త్రీలకి ఆడ ఏదో, ఈడ ఏదో రెండు ప్రభుత్వాలు కూర్చుని తేల్చాయి.

అదే సభలో మహావీర్ త్యాగి, ఒకసారి హింసకి గురైనవాళ్ళని ఇష్టంలేకుండా మళ్ళీ పెకలించి క్యాంపులకి తరలిస్తే అది ఇంకో హింస కాదా అన్నాడు. నాకు అంతకంటే ముఖ్యమైన సాక్షి అనీస్ కిద్వాయ్. 1947 అల్లర్లలో ఆమె భర్త షఫీ అహ్మద్ కిద్వాయ్‌ని ముస్సోరీలో చంపేశారు. ఆ దుఃఖంతోనే ఢిల్లీ శిబిరాల్లో పనిచేసి, 'ఆజాదీ కీ ఛావ్ మే' అనే పుస్తకం రాసింది. దుర్గాబాయి చెప్పిన, భర్తని హంతకులకి పోగొట్టుకున్న స్త్రీ ఆమే. అయినా వెళ్ళనని మొండికేసిన ఆడపిల్లల మనసులో ఏముండి ఉంటుందో ఆమె ఊహించగలిగింది. ఇంట్లోవాళ్ళు రానిస్తారో లేదోనన్న భయం, కష్టంలో ఆశ్రయమిచ్చినవాడి మీద మమకారం, ఇంకోసారి చెయ్యి మారడం మీద విసుగు.

పంజాబులో 12 ఏళ్ళున్న ఒక పిల్ల విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆమె అపహృతురాలు, పాకిస్తాన్ పంపాలి అని 1951 నవంబరులో తేల్చిన ట్రిబ్యునల్లో ఇద్దరే సభ్యులు. ఒకరు భారత పోలీసు సూపరింటెండెంటు, ఇంకొకరు పాకిస్తాన్ పోలీసు సూపరింటెండెంటు. యుద్ధం చేసి రెండున్నరేళ్ళు దాటిన దేశాల అధికారులు ఒకే బల్ల ముందు కూర్చుని ఒకే మాట మీదికొచ్చారు. హైకోర్టు ఆ పిల్లని విడిచిపెట్టమంది. 1952 నవంబరులో సుప్రీంకోర్టు మాత్రం చట్టం రాజ్యాంగానికి విరుద్ధం కాదంది. చట్టం గడువు 1957 దాకా నడిచింది.

అరవయ్యేళ్ళ తర్వాత, 2017లో, హాదియా కేసులో 24 ఏళ్ళ ఆడపిల్ల బలహీనురాలనీ, ఎవరైనా వాడుకోగలరనీ కేరళ హైకోర్టు అని, ఆమె పెళ్ళి చెల్లదని తేల్చి, తల్లిదండ్రులకి అప్పజెప్పింది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. ఈసారి కనీసం ఆమెని కోర్టుకి పిలిచి మాట్లాడించారు.

వాంగ్మూలాలు తీసుకోకూడదన్న ఆ నిబంధన నా పనిని కూడా నిర్ణయించింది. ఆ 30 వేలమంది మేజిస్ట్రేటు ముందు చెప్పగలిగి ఉండిన మాటల కోసం ఏ ఫైలు తెరవాలో తెలియదు, ఎందుకంటే అలాంటి ఫైలు పెట్టకూడదన్నదే ఒప్పందం. ఎంతమంది, ఏ జిల్లా, ఏ తేదీ అన్న లెక్కలుంటాయి. దాంతో నేను కథల దగ్గరికే తిరిగొస్తాను. అమృతా ప్రీతమ్ 'పింజర్'లో తిరిగి వెళ్ళగలిగే అవకాశం వచ్చినా వెళ్ళకుండా ఉండిపోయిన పూరో దగ్గరికి, వెనక్కి తెచ్చుకున్న భర్త 'దేవి' అని పిలుస్తూ, ఆమె చెప్పాలనుకున్నది మాత్రం విననివ్వని లాజవంతి దగ్గరికి.