అంబాజీపేట నూనె, యానాం పురిటిల్లు

మా బరంపురంలో పుష్యమాసపు తెల్లవారుజామున గూటిలోని కొబ్బరినూనె సీసా తీసి చూస్తే, లోపలి నూనె నేతిలాగా తెల్లగా పేరుకొని వుంటుంది. పొయ్యిగట్టు మీద కాసేపు వుంచితేగాని చుక్క రాలదు. యించుమించు 24 డిగ్రీలకు దిగువను పేరుకోవడం ఆ నూనెకు పుట్టుకతో వచ్చిన గుణం. మా పక్కవాటా ఒడియా అమ్మగారు మనుమలకు ఆవనూనె రాస్తారు. మా యింట మాత్రం కొబ్బరినూనే. మా అత్తగారు కోనసీమ ఆడపడుచు కావడమే అందుకు కారణం. ఆమె పోయి పన్నెండేళ్ళయినా ఆ అలవాటు పోలేదు.

మొన్న మాఘమాసంలో మా కోడలు తొలికాన్పుకు పుట్టిల్లు యానాం వెళ్ళి మగపిల్లవాణ్ణి కన్నది. బారసాలకు బయలుదేరాము. సామర్లకోటలో దిగి కాకినాడ మీదుగా పోతే యానాం దగ్గర. కాని మావారు, “రాజమండ్రిలో దిగుదాం. అంబాజీపేటలో నూనె కొని మరీ పోదాం. అమ్మ యెప్పుడూ ఆ వూరి నూనె మాటే చెబుతూ వుండేది,” అన్నారు. కాదనడానికి నాకు నోరు రాలేదు. యెందుకో తరువాత చెబుతాను.

రాజమండ్రినుండి బస్సు గౌతమి వంతెన దాటి, రావులపాలెం, కొత్తపేటల మీదుగా అమలాపురం చేర్చింది. గోదావరి పాయలూ సముద్రమూ చుట్టిన ఆ సీమలో యెటు చూసినా కాలువ, కాలువ గట్టున కొబ్బరి, కొబ్బరి నీడన అరటి, అరటి చాటున పెంకుటిల్లు. బస్సులో మా పక్కన కూర్చున్న పెద్దాయన 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను సంగతి చెప్పాడు. లక్షలాది చెట్లు ఆ గాలికి కూలాయి. “మనిషి పోతే పిల్లలుంటారమ్మా. తోట పోతే మళ్ళీ కాపుకు ఆరేడేళ్ళు కూర్చోవాలి,” అన్నాడు. ఆయన చేతితో చూపిన వరుసలన్నీ ఆ తరువాత నాటినవేనట.

అంబాజీపేట పెద్ద వూరేమీ కాదు. కాని కొబ్బరి బేరానికి దానికున్న పేరు పెద్దది. కొబ్బరిమీద పరిశోధనలు చేసే కేంద్రం కూడా ఆ వూళ్ళోనే వుంది. గోదావరి గంగ అనే సంకరరకం అక్కడ పుట్టినదే. రోడ్డువారను కాయలు గుట్టలుగా పోసి వున్నవి. ఒలుపు పనివారు నేలలో నాటిన యినుపమొన మీద కాయను నాలుగు పోట్లు పొడిచి డొక్క విడదీస్తూ వుంటే, మాట పూర్తయ్యేలోగా కాయ నున్నగా చేతికి వస్తోంది. డొక్క పీచుకు, చిప్ప బొగ్గుకు, ఆకు పందిళ్ళకు, ఈనె చీపురుకు. పారవేసేది యేమీ లేదు.

గానుగ ఆడించే ఆయన మమ్మల్ని బల్లమీద కూర్చోబెట్టి కొబ్బరినీళ్ళు యిప్పించి, సంగతులన్నీ ఓపికగా చెప్పాడు. ముదిరిన కాయను అటకమీద యెనిమిది నెలలో, యేడాదో వుంచితే లోపలి నీరు యింకి, కొబ్బరి చిప్పను వదలి గుండులాగా కదులుతుంది. అది కురిడీ. పూజలకు, వంటలకు అది ప్రియం. నూనెకు మాత్రం కాయను పగలగొట్టి, కొబ్బరిని యెండబెట్టి ఆడిస్తారు. పచ్చికొబ్బరిలో సగం నీరే. ఆ నీరు నూటికి ఆరేడు పాళ్ళకు దిగేదాకా యెండాలి. తడి మిగిలితే బూజు పడుతుంది. ఆ బూజులో కాలేయానికి కీడుచేసే విషం పుట్టవచ్చు. యేడెనిమిది కాయలకు కిలో యెండుకొబ్బరి, దానికి అరకిలో పైచిలుకు నూనె.

“నూనె మంచిదని తెలిసేదెలాగండీ?” అని అడిగాను.

“రంగు చూసి మోసపోకండమ్మా. చేతిలో రుద్ది వాసన చూడండి. కొబ్బరి వాసన రావాలి, సిక్కు వాసన రాకూడదు. యింటికి వెళ్ళాక తడి చెంచా మాత్రం పెట్టకండి,” అన్నాడు.

అయిదు లీటర్ల డబ్బా పట్టుకొని, ముమ్మిడివరం మీదుగా యెదుర్లంక వంతెన దాటి, సాయంకాలానికి యానాం చేరాము. 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో వుండి, యిప్పుడు పుదుచ్చేరిలో భాగమైనా, యానాం యింటింటా వినిపించేది గోదావరి తెలుగే. ఊరి వెంబడి గౌతమి సముద్రమంత వెడల్పుగా సాగుతుంది.

మరునాటి ఉదయం పురిటింట్లో పిల్లవానికి నీళ్ళు పోయడానికి ఒక మామ్మ వచ్చింది. కాళ్ళు చాపుకొని వాణ్ణి వాటిమీద పడుకోబెట్టి, మేము తెచ్చిన నూనె గోరువెచ్చగా చేసి ఒళ్ళంతా మర్దన చేసింది. ఆ చేతివాటం చూసి ముచ్చటపడ్డాను. అంతలో ఆమె దూదివత్తిని నూనెలో ముంచి పిల్లవాని ముక్కు దగ్గరకు తెచ్చింది.

“మామ్మా, వద్దు!” అని అరిచాను. నా అరుపుకు పిల్లవాడు ఉలికిపడి యేడ్చాడు.

మా వియ్యపురాలు చిన్నబుచ్చుకొని, “అదేమిటి వదినగారూ, మీ కోడలికీ అలాగే పోశాము. నిక్షేపంలా పెరగలేదా?” అన్నారు.

యిక చెప్పక తప్పలేదు. 1988లో మావాడికి మూడు నెలలప్పుడు జలుబు చేసింది. యెవరో చెప్పగా, మా అత్తగారు గుడికి వెళ్ళిన వేళల్లో, నాలుగు రోజులు వాడి ముక్కులో కొబ్బరినూనె చుక్కలు వేశాను. అయిదోనాటికి పిల్లవాడు పాలు తాగలేక యెగశ్వాస పట్టాడు. ఆస్పత్రిలో పద్ధెనిమిది రోజులున్నాము. డాక్టరుగారు చెప్పినది యీనాటికీ చెవిలో వుంది. నీళ్ళయితే పొరపోయి దగ్గు వస్తుంది. నూనె దగ్గు రానీయకుండానే జారి ఊపిరితిత్తులలో చేరుతుంది, చేరినది తొందరగా పోదు, న్యుమోనియా తెస్తుంది. “యెవరమ్మా నూనె పోసింది?” అని ఆయన గద్దించేసరికి నేను తల వంచుకున్నాను. అందరూ మా అత్తగారి వంక చూశారు. ఆమె నా ముఖం ఒకసారి చూసి, యేమీ అనకుండా చెంగుతో కళ్ళు ఒత్తుకున్నది. ఆ నింద ఆమెతోనే వెళ్ళిపోయింది.

యిదంతా చెప్పేసరికి గదిలో మాట లేదు. మామ్మ వత్తిని పక్కన పడవేసి, “పైపైన రాయడానికి అడ్డు లేదు కదమ్మా?” అని మాత్రం అడిగింది. వియ్యపురాలు లేచి వచ్చి నా చేయి పట్టుకున్నారు. వరండాలో పేపరు చదువుతున్న మావారి చేతిలో పేపరు కదలడం లేదు.

సోదరీమణులారా! కొబ్బరినూనెను నిందించడానికి యిది రాయలేదు. అది చేయగల పని అది చక్కగా చేస్తుంది. స్నానమైన వెంటనే ఒంటి తడి పూర్తిగా ఆరకముందే పలుచగా రాస్తే చర్మం పొడిబారదు. రాత్రి కాళ్ళు కడిగి, తుడిచి, పగుళ్ళకు పట్టించి మేజోళ్ళు తొడుక్కుంటే మడమలు మెత్తబడతాయి. తలంటుకు ముందు రాస్తే వెంట్రుకలోని మాంసకృత్తు నష్టం తగ్గుతుందని 2003లో ప్రకటించిన పరిశోధన ఒకటి తేల్చింది. పనసకాయ కోసేముందు చేతికీ కత్తిపీటకూ రాసుకుంటే జిగురు అంటదు. కడిగి తుడిచిన కత్తిపీటకు పూత పూస్తే తుప్పు పట్టదు.

అది చేయలేని పనులూ వున్నవి. ముక్కులో, చెవిలో, కంటిలో వేయరాదు. కాలినచోట రాయరాదు, ముందు యిరవై నిముషాలు కుళాయినీరు ధారగా పడనివ్వాలి. మొటిమలున్న ముఖానికి పూస్తే రంధ్రాలు మూసుకొని అవి యెక్కువ కావచ్చు. చుండ్రు పోగొడుతుందని నమ్మరాదు. ఆ శిలీంధ్రానికి నూనెలోని కొవ్వు ఆహారం కూడా. యెండనుంచి కాపాడేంత శక్తి దానికి లేదు. పసివాని ఒంటిమీద దద్దురు కనిపిస్తే మర్దన ఆపి డాక్టరుకు చూపాలి.

తిరుగు ప్రయాణంలో తుని దాటేదాకా మావారు మాట్లాడలేదు. తరువాత కిటికీ వైపే చూస్తూ, “అమ్మ వుండగా చెప్పి వుంటే బాగుండేది,” అన్నారు. అంతే. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

యింటికి వచ్చాక డబ్బాలోని నూనె మా అత్తగారి కంచుగిన్నెలో కొంచెం పోసి, గూటిలో దీపం పెట్టాను. మరునాడు మావారు అడగకుండానే వచ్చి పీటమీద కూర్చొని, తలకు నూనె పెట్టమన్నారు. ఆ వాసన వారికి వాళ్ళమ్మదే కాబోలు.