ఊరికే ఇచ్చేదానికి తాళమెందుకు?
పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే కల్లూరు డీటీపీ షాపుల్లో శుభలేఖలకు కొత్త తెలుగు ఫాంట్ల వేట మొదలవుతుంది. నెట్‌లో ఎక్కడో ఓ రార్ ఫైల్, పక్కనే పాస్‌వర్డ్. నా అనుమానమంతా అక్కడే. ఊరికే ఇచ్చేదానికి తాళమెందుకండీ? తాళం వేస్తే లోపలేముందో యాంటీవైరస్‌కు కనబడదు, అందుకు!

ఎక్స్‌ట్రాక్ట్ కొట్టేముందు లోపలి పేర్లు చూడండి. ఫాంటైతే చివర టీటీఎఫ్ అనో ఓటీఎఫ్ అనో ఉంటుంది. ఈఎక్స్‌ఈ కనబడితే డిలీటే. విండోస్ ఆ చివరి ముక్కను మామూలుగా దాచేస్తుంది, సెట్టింగ్ మార్చుకోవాలి.

అన్నట్టు, ఈ రార్ ఫైళ్లు విప్పే విన్‌రార్ తనంతట తాను అప్‌డేట్ కాదు. ఫైల్ విప్పగానే స్టార్టప్ ఫోల్డర్‌లోకి వైరస్ దూరే లోపాన్ని 2025 జులైలో 7.13 వెర్షన్‌తో సరిచేశారు. మన సెంటర్లో ఎందరి సిస్టమ్‌లో పాతదే నడుస్తోందో!