నేను పెట్టిన సంతకము

హనుమకొండలో ఒక ఆసుపత్రికి మా సంఘములోని తల్లి ఒకామె ఆపరేషన్‌కు వచ్చింది. భర్త లేడు, కొడుకు భివండిలో ఉన్నాడు. నర్సమ్మ ఇంగ్లీషు కాగితం ఇచ్చి, "పాస్టరుగారూ, సంతకం పెట్టండి" అన్నది. చదువకుండానే పెట్టితిని.

"అయ్యగారూ, అండ్ల ఏం రాసిండ్రు?" అని ఆ తల్లి అడిగింది. నా యొద్ద జవాబు లేదు.

మన పొరుగు ఖమ్మం జిల్లా సంగతి జ్ఞాపకమొచ్చింది. 2009లో పాత్ అను అమెరికా సంస్థ, ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్ర ప్రభుత్వము కలిసి అక్కడ సుమారు 14 వేలమంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండ పరిశీలనగా టీకాలు వేయించిరి. 2010 ఏప్రిల్‌లో కేంద్రము ఆపించింది. కొందరు బాలికలు చనిపోయిరి గాని, టీకా వలన కాకపోవచ్చునని విచారణ సంఘము చెప్పింది. టీకా మంచిదే, అనేక దేశాలలో వేస్తున్నారు. అయితే చూచిన 9,543 అంగీకార పత్రాలలో 2,763 హాస్టలు వార్డెన్లు సంతకం చేసినవి! కన్నతల్లిని అడిగినవారెవరు?

ఆ వార్డెనుకూ నాకూ తేడా ఏమున్నది?

డాక్టరుగారిని బ్రతిమాలితిని. ఆయన మంచము ప్రక్కన కూర్చుండి తెలుగులో చెప్పారు, గర్భసంచి తీసివేస్తామని. ఆమె గడ్డ మాత్రమే తీస్తారనుకున్నదట.

"రేపటిదాక ఆలోచించుకుంట సారూ" అన్నది. నా సంతకమున్న కాగితం డాక్టరుగారే చించివేశారు.