విమానం నేర్పే గురువు కోసం

సంగీతం మాస్టారును వెతకడం, లెక్కలకు ట్యూషను కుదర్చడం మన చెన్నపట్నపు తెలుగు ఇళ్ళకు కొత్త కాదు. ఎవరి పాఠం బాగుంటుందో మాంబళంలో నలుగురిని అడిగితే తెలిసిపోతుంది. కుదరకపోతే రెండో నెల మానిపించి మరొకరి దగ్గర చేర్పిస్తాము. పోయేది ఒక నెల జీతం. కాని విమానం నడపడం నేర్పే గురువును వెతకమంటే ఎవరిని అడగాలి? అక్కడ పోయేది నెల జీతంతో ఆగదు గదా!

మా మేనకోడలికి ఇరవై రెండేళ్ళు. ఉద్యోగంలో చేరిన ఆరు నెలలకు, విమానం నేర్చుకుంటానని పట్టుపట్టింది. ముందు ప్రైవేటు పైలట్ లైసెన్సు వరకే. ఆ లైసెన్సుతో జీతం పుచ్చుకొని విమానం నడపకూడదు. తన సంతోషానికి నడుపుకోవచ్చు. మా అక్కయ్య మా ఇంటికి వచ్చి, "మీ బావగారు దాచిపోయిన సొమ్ములోంచే తీయాలి. డబ్బు అటుంచు, ఒక్కగానొక్క పిల్ల. నీవూ మరదలూ చూసి సరే అంటేనే సంతకం పెడతాను" అన్నది. అలా ఈ భారం మా ఇద్దరి మీద పడింది.

"ఆడపిల్లకు ఇదేమిటి?" అని అక్కయ్య అనబోతే మా ఇంటావిడ ఉషా సుందరం గారి సంగతి చెప్పింది. ఆమె 1949లో బెంగళూరు జక్కూరులోని ప్రభుత్వ శిక్షణాలయంలో ఉత్తీర్ణురాలైనారు. 1951లో మద్రాసు ప్రభుత్వం కొన్న డి హావిలాండ్ డోవ్ విమానాన్ని భర్తతో కలిసి లండను నుంచి బొంబాయికి 27 గంటలలో నడుపుకొని వచ్చారు. అక్కయ్య మరి ఆ మాట ఎత్తలేదు.

మన ఊరికి ఈ విద్య కొత్తదేమీ కాదు. 1910లోనే మౌంట్ రోడ్డు హోటలు యజమాని డాంజెలిస్, సింప్సన్ కంపెనీవారి చేత విమానం తయారు చేయించి పల్లావరంలో ఎగిరాడు. తరువాత మద్రాసు ఫ్లయింగ్ క్లబ్బు మీనంబాకంలో దశాబ్దాల తరబడి పైలట్లను తయారు చేసింది. పెద్ద జెట్ విమానాల రద్దీ పెరిగే కొద్దీ అటువంటి చోట చిన్న విమానాలకు సందు దొరకడం కష్టమైంది. 2022లో మన కడప, ఇక్కడి సేలం విమానాశ్రయాలను శిక్షణ సంస్థల కోసం ఎంపిక చేశారంటే కారణం అదే: అక్కడ ఆకాశం ఖాళీగా ఉంటుంది.

ఈ ఖాళీ ఆకాశానికి విలువ ఎంతో మేము లెక్క వేసి చూసిన తరువాతనే తెలిసింది. ప్రైవేటు లైసెన్సుకు కనీసం 40 గంటలు నడిపి ఉండాలి. విమానం ఎగరడానికని తన యంత్రబలంతో కదిలిన నిమిషం నుంచి, దిగి వచ్చి నిలిచే నిమిషం వరకు ఆ గంటలలోకి చేరుతుంది. రద్దీగా ఉన్న చోట రన్‌వే దగ్గర వరుసలో నిలిచి, మన వంతు కోసం ఎదురుచూసే సమయం కూడా మన ఖాతాలోనే పడుతుంది. గంట రేటు తక్కువ అని సంతోషించి చేరితే, ఆ గంటలో గాలిలో ఉండేది ఎన్ని నిమిషాలో అడగాలి. ఇరుగుపొరుగున బడి ఉన్నా ఎగరడం తక్కువైతే, దూరం పోయి హాస్టలులో ఉండడమే చవక కావచ్చు.

మొదట నగరంలోనే ఒక సంస్థ ఆఫీసుకు వెళ్ళాము. చల్లని గది, గోడ నిండా విమానాల బొమ్మలు, కాఫీ. మొత్తం రుసుము ఒక్కసారిగా, శుక్రవారం లోపల కడితే తగ్గింపు ఇస్తామన్నారు. మధ్యలో మానుకుంటే ఎంత తిరిగి ఇస్తారని అడిగాము. "ఆ అవసరమే రాదు సార్" అని నవ్వారు. ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మన్నాము, మేనేజరు లేరన్నారు. ఎన్ని విమానాలు ఉన్నవని అడిగితే ఒక సంఖ్య చెప్పారు. వాటిలో ఈ వారం ఎగిరినవి ఎన్ని అని అడిగితే, కనుక్కొని చెబుతామన్నారు. ఆఫీసులో రిజిస్టర్లు తిరగేసి బతికే మాకు ఆ జవాబు చాలు. లేచి వచ్చాము.

రెండో చోటు ఊరికి దూరం. తెల్లవారుజామున బయలుదేరి పోయాము. షెడ్డులో మూడు చిన్న సెస్నా విమానాలు ఉన్నవి. ఒకటి ఇంజను విప్పి పెట్టి ఉంది. మా ఇంటావిడ "ఇది పాడైందా?" అని అడిగింది. "పాడు కాకముందే విప్పామమ్మా, గంటల లెక్క ప్రకారం" అన్నాడు మెకానిక్కు. ఆ మాట ఆమెకు గోడ మీది బొమ్మల కంటే నచ్చింది. అక్కడ నేర్చుకుంటున్న ఇద్దరు పిల్లలను పక్కకు పిలిచి, నెలకు ఎన్ని గంటలు ఎగురుతున్నారు, ఇంతవరకు ఎందరు ఇన్‌స్ట్రక్టర్లు మారారు అని అడిగాము. ఈ రెండో ప్రశ్న ముఖ్యమైనది. చాలా దేశాలలో కుర్ర ఇన్‌స్ట్రక్టర్లు తమ గంటలు పెంచుకొని పెద్ద కంపెనీలకు పోతారు. అది వారి తప్పు కాదు. కాని గురువు మారిన ప్రతిసారీ శిష్యుడు పాత పాఠం మళ్ళీ చూపించాలి, దానికీ గంటలు ఖర్చవుతవి.

అక్కడి ఇన్‌స్ట్రక్టరు అరవై దాటిన మనిషి. మేము చెక్కుపుస్తకం తెచ్చామని తెలిసి కూడా, "ముందు వైద్య పరీక్ష చేయించండి. కళ్ళు, చెవులు, గుండె సరిగ్గా ఉన్నవని డాక్టరు రాసి ఇచ్చిన తరువాత డబ్బు మాట" అన్నారు.

మా మేనకోడలు, "ఒంటరిగా ఎప్పుడు పంపిస్తారు సార్?" అని అడిగింది.

"రోజు లెక్క చెప్పలేను తల్లీ. నీ పక్కన కూర్చొని నేను నోరు తెరవవలసిన పని లేకుండా నాలుగుసార్లు దిగావంటే, ఐదోసారి నేను దిగిపోతాను."

అక్కయ్య అంతసేపూ మాట్లాడలేదు. చివరకు, "మా పిల్లకు ఏమీ కాదని మాట ఇస్తారా?" అన్నది. ఆయన ఇవ్వలేదు. "అటువంటి మాట ఎవరిచ్చినా నమ్మకండమ్మా. నేను ఒకటి చెప్పగలను. గాలి సరిగా లేని రోజు, పిల్ల మనసు సరిగా లేని రోజు, వద్దంటాను. డబ్బు కట్టాము గదా అని మీరు నాతో పోట్లాడకూడదు" అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో అక్కయ్య, "ఈయన దగ్గరైతే సరే" అన్నది. మేమూ సరే అన్నాము.

ఈ విద్యకు నేర్పే పద్ధతి ఏర్పరచినది స్మిత్ బారీ అనే ఇంగ్లీషు సైనికాధికారి. 1917లో గాస్పోర్ట్ అనే చోట, ఇద్దరికీ చుక్కాని ఉండే విమానాలలో శిష్యుని కూర్చోబెట్టి, రబ్బరు గొట్టం గుండా మాట్లాడుతూ నేర్పించాడు. ప్రమాదకరమైన స్థితులను చూపించకుండా దాచడం ఆయన పద్ధతి కాదు. వాటిలో పడవేసి బయటపడే దారి నేర్పడం. పక్కన ఉన్నవాడు ఎప్పుడు చేయి వేయాలో, ఎప్పుడు ఊరకుండాలో తెలిసినవాడైతేనే అది సాగుతుంది.

చేరిన తరువాత వానలు పట్టుకున్నవి. ఈశాన్య రుతుపవనాల కాలం సంగతి మనకు తెలియనిది కాదు. ఒకసారి వరుసగా పదకొండు రోజులు ఎగరలేదు. పన్నెండో రోజు కాస్త తెరిపి ఇచ్చినా ఆయన వద్దన్నారట. పిల్ల ఫోనులో ఏడ్చినంత పని చేసింది. హాస్టలు ఖర్చు నడుస్తూనే ఉంది. అడుగుదామా అని మేము అనుకుంటూ ఉండగా అక్కయ్యే, "అడగవద్దు. అందుకే గదా ఆయనను ఎంచుకున్నాము" అన్నది. ఆ సాయంత్రం అక్కడ ఈదురుగాలి వచ్చిందో లేదో మేము కనుక్కోలేదు.

మన సభ్యుల ఇళ్ళలో పిల్లలు ఈ తోవన పోదలిస్తే మాకు తోచిన నాలుగు మాటలు. సంస్థ పౌర విమానయాన శాఖ, అనగా డి.జి.సి.ఎ., ఆమోదించిన జాబితాలో ఉన్నదో లేదో ముందు చూడండి. 2025 అక్టోబరు నుంచి ఆ శాఖ సంస్థలకు ఏడాదికి రెండుసార్లు శ్రేణులు కూడా ప్రకటించే ఏర్పాటు చేసింది. రుసుము విడతలుగా కట్టండి, తిరిగి ఇచ్చే షరతు రాయించుకోండి. సెలవు రోజున కాక పనిరోజున వెళ్ళి, ఎన్ని విమానాలు ఎగురుతున్నవో స్వయంగా చూడండి. ఆపైన ఇన్‌స్ట్రక్టరుతో పది నిమిషాలు మాట్లాడి, ఆయన ఇంతకు ముందు ఎవరికైనా "ఈ రోజు వద్దు" అని చెప్పారేమో అడగండి. ఆ మాట మన పిల్లకు చెప్పిన నాడు ఊరకుండగలమా అన్నది మటుకు ఇంట్లో కూర్చొని మనమే తేల్చుకోవాలి.

మా మేనకోడలికి ఇప్పటికి పద్దెనిమిది గంటలైనవి. ఆయన ఇంకా పక్కనే కూర్చుంటున్నారు.